పెరూని కలిపితే గ్రాఫ్ అంతా గందరగోళం, ఏం చేయాలి?

ప్రాజెక్టు కోసం 1970 నుంచి సముద్రంలో పట్టిన చేపల లెక్కలు దేశాలవారీగా గీస్తున్నానండి. జపాన్ గీత 1980ల్లో కోటి టన్నులు దాటి, సార్డిన్ చేపలు తగ్గిపోయాక జారడం మొదలుపెట్టి మళ్లీ లేవలేదు, ఇండోనేషియాది ఎక్కుతూ వచ్చింది, అంతవరకు బాగానే అర్థమైంది. పెరూతోనే టెన్షన్. అక్కడ పట్టేదాంట్లో ఎక్కువ భాగం ఆంకోవెటా, మన నెత్తళ్ల లాంటిదే, జానెడు కూడా ఉండదు. ఎల్ నినో వచ్చి నీళ్లు వేడెక్కితే 1972లో పడ్డట్టు గీత నిట్టనిలువునా పడిపోతుంది, 2023లో అయితే మొదటి సీజన్ వేటే రద్దు చేశారు. ఆంకోవెటాని లెక్కలోంచి తీసేస్తే ప్రపంచం మొత్తం మీద ధోరణి స్పష్టంగా కనిపిస్తుంది కానీ పెరూకి ఇక మిగిలేదేముంది? రెండు గ్రాఫులు పెట్టాలా, ఐదేళ్ల సగటు తీసుకోవాలా? ఇలాంటి లెక్కలతో పనిచేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.