మరమ్మతు అంచనా: చదరపు అడుగు లెక్క చాలా, ప్రతి లోపాన్నీ కొలవాలా?

నిర్వహణ_పని:
నేను ఐదు భవనాల నిర్వహణ చూస్తాను. మరమ్మతులకు ఎంత అవుతుందో నెలలోపు చెప్పమన్నారు. ఒక కన్సల్టెంట్ మొత్తం విస్తీర్ణాన్ని చదరపు అడుగు రేటుతో గుణించి ఒక్క రోజులో అంకె ఇచ్చారు. ఇంకొకరు గదిగదీ తిరిగి ప్రతి పగులూ, ప్రతి చెమ్మ మరకా కొలవాలంటున్నారు. దానికి రెండు నెలలు కావాలట. ఇద్దరూ అవతలివారిది తప్పు లెక్క అంటున్నారు. నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బడ్జెట్_బల్ల:
ఐదు భవనాలకు నెల గడువులో మొదటి పద్ధతే నయం. ఇది గాలిలో లెక్క కాదండీ. భవనాన్ని ఈరోజు కొత్తగా కట్టాలంటే ఎంతవుతుందో అందులో ఏటా 2 నుంచి 4 శాతం నిర్వహణకూ మరమ్మతులకూ పెట్టాలని అమెరికాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1990లోనే చెప్పింది. పెండింగ్ మరమ్మతుల ఖర్చును ఆ కొత్త కట్టుబడి విలువతో భాగిస్తే వచ్చేదాన్ని స్థితి సూచీ అంటారు. సాధారణంగా 5 శాతం లోపుంటే భవనం బాగున్నట్టు, 10 దాటితే బాగా దెబ్బతిన్నట్టు లెక్క. ఏ భవనానికి ముందు డబ్బు పెట్టాలో తేల్చడానికి ఇది చాలు. ప్రతి పగులూ కొలిచేలోపు కొత్త పగుళ్లు వస్తాయి.

సుత్తి_చప్పుడు:
బడ్జెట్_బల్ల గారూ, ఏ భవనం ముందు అన్నదానికి మీ లెక్క సరే. కానీ వీళ్లను అడిగింది ఎంత అవుతుందని. ఆ రెండు ప్రశ్నలూ ఒకటి కాదు.

నేను చూసిన ఒక పని చెబుతాను. నాలుగో అంతస్తు స్లాబ్ కింద పెచ్చులు ఊడాయి. కంటికి కనిపించింది రెండు చదరపు మీటర్లు. అంతకే అంచనా వేసి, సిమెంటు పూసి, రంగు వేశారు. ఏడాదిలో మళ్లీ ఊడింది, మళ్లీ పూశారు. మూడోసారి మేము వెళ్లి సుత్తితో తట్టుకుంటూ పోతే పదకొండు చదరపు మీటర్లు డొల్లగా మోగింది. పైన బాత్రూమ్ డ్రెయిన్ పైపు జాయింటు కారుతోంది. ఆ నీళ్లు కాంక్రీటులోకి దిగి ఊచలు తుప్పు పట్టాయి. తుప్పు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఆ ఒత్తిడికే పెచ్చు ఊడుతుంది. అంటే అంచనాలో మొదటి పంక్తి పైపు జాయింటు కావాలి. రెండు సార్లూ ఆ పంక్తే లేదు.

డొల్ల కొట్టేస్తే ఊచలు తేలాయి. తినేసిన చోట కొత్త ఊచ కట్టాలి, కింద జాకీలు పెట్టాలి, ఆ గదిలో ఉన్నవాళ్లను వేరే చోటికి మార్చాలి, శిథిలాలు నాలుగు అంతస్తులు దించాలి. సిమెంటు, ఇనుము ఖర్చు మొత్తంలో చిన్న భాగమే. చదరపు అడుగు రేటులో ఇవి ఎక్కడ కనిపిస్తాయి?

ఇంకా డొల్ల పడని చోట కూడా తుప్పు మొదలై ఉండొచ్చు. కాంక్రీటు విప్పకుండా పైనుంచే ఊచ వోల్టేజీ కొలిచే హాఫ్ సెల్ పరీక్షలో రీడింగు మైనస్ 350 మిల్లీవోల్టులు దాటి ఇంకా కిందికి పోతే, అక్కడ ఊచ తుప్పు పడుతూ ఉండే అవకాశం 90 శాతం పైమాటే. అనుమానం ఉన్న బీముల దగ్గరైనా ఈ పరీక్ష చేయకుండా అంచనా రాయకూడదని నా పట్టుదల.

పరంజా_కట్టేవాణ్ణి:
నేను పని చేయించే వైపు నుంచి చెబుతా. బయటి గోడ మీద ఒక చదరపు మీటరు పూయాలన్నా, ముప్పై పూయాలన్నా పరంజా అంతే ఎత్తు కట్టాలి. అందుకే పెద్ద పనుల రేటు చిన్న పనికి పట్టదు. కొత్త కట్టడం రేట్లతో మరమ్మతు అంచనా రాసి మా చేతికిస్తే, మధ్యలో పని ఆగిపోయేది మా తప్పు కాదు. మీటరుకు రేటు ఖాయం చేసుకోండి, పాడైన చోట గోడ విప్పాక కొలిచి బిల్లు కడదాం. మొత్తం ఒక్క అంకెకు ఒప్పుకోమంటే మేము భయానికి కూడా రేటు వేసుకోవాల్సి వస్తుంది.

బడ్జెట్_బల్ల:
సుత్తి_చప్పుడు గారి ఉదాహరణ కాదనలేను. అయితే మంజూరు చేసేవాళ్లు ఒక అంకె అడుగుతారు కదా. "విప్పాక చెబుతాం" అంటే ఫైలు కదలదు. అనుకోని ఖర్చుకు 10 శాతం కలిపి ఇస్తే సరిపోదా?

సుత్తి_చప్పుడు:
కళ్లకు కనిపించే పనికి 10 సరిపోవచ్చు. గోడలో పైపులకు, పాత బీములకు చాలదు. ఖర్చు అంచనాల నిపుణుల సంఘం ఎ.ఎ.సి.ఇ. అంచనాలను తరగతులుగా విడదీసింది. అందులో తొలి దశదైన అయిదో తరగతి అంచనా ఇచ్చేవాళ్లే, అసలు ఖర్చు 30 శాతమో ఇంకా ఎక్కువో పైకి పోవచ్చని ముందే ఒప్పుకుంటారు. ఆ మాట ఫైలులో రాయండి. ఒక్క అంకె కాకుండా కింది హద్దు, పై హద్దు రెండూ ఇవ్వండి. దాచిపెట్టి ఇచ్చిన అంకె పెరిగితే మోసం అంటారు, ముందే చెప్పింది పెరిగితే ఎవరూ అనరు.

అతిగా కొలవడంలోనూ తప్పు జరుగుతుంది, అది కూడా చెప్పాలి. టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ ఒకరు రాస్తారు, కింద సీలింగు చెమ్మ ఇంకొకరు, రంగు మరొకరు. అన్నిటికీ మూలం టెర్రస్ మీద నీళ్లు పోయే గొట్టం మూసుకుపోవడమే. విడివిడిగా కూడితే ఒకే పరంజా మూడు సార్లు లెక్కలోకి వస్తుంది. అందుకే నేను గదుల వారీగా కాకుండా నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో దాని వారీగా రాస్తాను.

నిర్వహణ_పని:
అందరికీ ధన్యవాదాలు. ఐదింటికీ శాతం లెక్కతో వరుస తేలుస్తాను. మొదటి రెండు భవనాల్లో మాత్రం నాలుగైదు చోట్ల విప్పి చూపించి, రెండు హద్దులతో అంచనా పెడతాను. ఆ విప్పడానికయ్యే ఖర్చును కూడా అడగాలా, లేక నిర్వహణ పద్దులోంచి పెట్టాలా?

సుత్తి_చప్పుడు:
అడగండి. అంచనాలో మొదటి పంక్తిగా అదే రాయండి. విప్పిన చోటును మూసే ఖర్చు కూడా అందులోనే కలపండి, అది చాలామంది మర్చిపోతారు.