చేతి బొమ్మలకూ ఐఎస్ఐ ముద్ర: ఇంట్లో కుట్టుకునేవాళ్ల సంగతేంది?

గుడ్డబొమ్మ (అనంతపురం):
ఇంట్లో మిషన్ పెట్టుకుని నెలకు ముప్పై నలభై గుడ్డబొమ్మలు కుడతాను. మొన్న షాపాయన "ఐఎస్ఐ ముద్ర లేని బొమ్మ పెడితే నన్ను పట్టుకుంటారమ్మా" అని అన్నీ వెనక్కి ఇచ్చేశాడు. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడే బొమ్మలకు ఈ రూలు ఉంది. మొదటిసారి దొరికితేనే కనీసం 2 లక్షల జరిమానా, లేదంటే రెండేళ్ల దాకా జైలు. పెద్ద ఫ్యాక్టరీకి, నా ఒక్క మిషన్‌కు ఒకే లెక్క అయితే నేనేం బతకాల?

బురుజు పక్కన (కర్నూలు):
మినహాయింపు ఉందమ్మా. హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తామే చేసి అమ్ముకునే బొమ్మలకు, జీఐ (ఊరి పేరుతో వచ్చే భౌగోళిక గుర్తింపు) కింద నమోదైనవాళ్లకు ఈ రూలు వర్తించదు. ఆ కమిషనర్ ఆఫీసు కళాకారులకిచ్చే గుర్తింపు కార్డు, పెహచాన్ కార్డు తీసుకో, పని అయిపోతుంది.

గుడ్డబొమ్మ:
అడిగినానన్నా. మిషన్ కుట్టు హస్తకళ కాదని పంపించేశారు.

బురుజు పక్కన:
ఎప్పుడు అడిగినావు? ఏం కాగితాలు పెట్టినావు?

ప్రొద్దుటూరు నాన్న:
కార్డు గొడవ పక్కన పెట్టండి. మా పాపకు పద్నాలుగు నెలలప్పుడు తిరునాళ్లలో గుడ్డబొమ్మ కొన్నాను. చేతి పనే, చూడముచ్చటగా ఉండింది. కంటికి నల్ల గుండీ కుట్టినారు. పాప దాన్ని చప్పరించి చప్పరించి దారం నానబెట్టింది. ఒక రాత్రి దగ్గు, ఊపిరాడలేదు, పెదాలు నీలం తిరిగినాయి. బోర్లా పడుకోబెట్టి వీపు మీద చరిస్తే గుండీ బయట పడింది. ఆ గుండీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల నుంచి ఊడే ముక్క 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పట్టిందంటే ఆ బొమ్మ పరీక్షలో తప్పినట్టే. ఆ గుండీ అందులో సగం కూడా లేదు. కార్డు ఉన్నవాళ్లు కుట్టితే అది గొంతులో ఇరుక్కోదా?

తుంగభద్ర:
మంచి ప్రశ్న.

గుడ్డబొమ్మ:
అన్నా, పాపకు అట్లా జరిగినందుకు నిజంగా బాధగా ఉంది. కానీ ఆ బొమ్మ నేను కుట్టలేదు. నేనేదో పిల్లల్ని చంపడానికి కూర్చున్నట్టు మాట్లాడొద్దు. నాకూ ఇద్దరు పిల్లలున్నారు.

బురుజు పక్కన:
ఎప్పుడు అడిగినావో ఇంకా చెప్పలేదు.

హంద్రీ ఒడ్డు:
అమెరికాలోనూ ఇదే గొడవ జరిగింది. 2007లో సీసం రంగు బొమ్మలు లక్షల్లో వెనక్కి పిలిపించారు. 2008లో చట్టం తెచ్చి బయటి ల్యాబ్ పరీక్ష తప్పనిసరి చేశారు. ఇంట్లో చేసేవాళ్లు మొత్తుకుంటే 2011లో చిన్న తయారీదారులకు కొన్ని పరీక్షలు సడలించారు. కానీ రంగులో సీసం, ఊడే చిన్న ముక్కలు, ఈ రెండింటికీ సడలింపు ఇవ్వలేదు.

ప్రొద్దుటూరు నాన్న:
చూసినారా? అక్కడ బొమ్మలో ప్రమాదం ఏందని చూశారు. ఇక్కడ చేసినవాడి కార్డు చూస్తున్నారు. మినహాయింపు ఎవరికీ వద్దు అంటాను నేను.

గుడ్డబొమ్మ:
అయితే నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లకూ ల్యాబ్ పెడతావా? అది తెర వెనక ఆడించే బొమ్మ, చప్పరించేది కాదు. ముద్ర కోసం ల్యాబ్‌లో ఎర్ర గుడ్డకో పరీక్ష, పచ్చ గుడ్డకో పరీక్ష అంటే ఆ ఖర్చు నా నెల సంపాదన దాటిపోతుంది. నాకు పరీక్ష వద్దని ఒక్కసారైనా అన్నానా? నాకు అందే పరీక్ష కావాలంటున్నా.

ప్రొద్దుటూరు నాన్న:
అందే పరీక్ష అంటే నీకు నువ్వే చేసుకునేదా? పాపకు అట్లా అయిన మర్నాడే ఆ తిరునాళ్ల జరిగిన చోటికి పోయినాను. బండి లేదు, మనిషి లేడు. బొమ్మ మీద పేరు లేదు, ఊరు లేదు. ఎవర్ని అడగాల నేను? నా కోపం అదీ.

గుడ్డబొమ్మ:
నా ప్రతి బొమ్మకు నా పేరు, ఫోన్ నంబరు కుట్టిన పట్టీ ఉంటుంది. ఇప్పుడు కళ్లు దారంతోనే కుడతున్నా. సూది ఇరవైసార్లు దిగుతుంది, ఊడేదేమీ లేదు. గుండీ కళ్లే కావాలని అడిగేవాళ్లు ఎక్కువ, అయినా మానేశాను.

ప్రొద్దుటూరు నాన్న:
మానేశావంటే ముందు పెట్టినావన్నమాట. ఎన్ని అమ్మినావు?

గుడ్డబొమ్మ:
మొదటి ఏడాది. యాభై దాకా ఉంటాయి. ఎక్కువగా వాట్సాప్ ఆర్డర్లే, నంబర్లు ఉన్నాయి.

ప్రొద్దుటూరు నాన్న:
వాళ్లలో ఎవరికైనా చెప్పినావా?

గుడ్డబొమ్మ:
లేదన్నా. ఇంతవరకూ ఆ ఆలోచనే రాలేదు. ఈ రాత్రే ఒక్కొక్కరికీ మెసేజ్ పెడతాను. గుండీలు కత్తిరించి పడేయమని, కావాలంటే నా దగ్గరికి పంపిస్తే దారంతో కుట్టిస్తానని. ల్యాబ్ విషయంలో మాత్రం నీ మాట ఒప్పుకోను.

ప్రొద్దుటూరు నాన్న:
ఒప్పుకోవద్దులే. ముందు ఆ మెసేజ్ పెట్టు.

బురుజు పక్కన:
కార్డుకు మళ్లీ అప్లై చెయ్యమ్మా. చేతికుట్టు బొమ్మ ఒకటి చూపించు.