పదమూడేళ్ల కుక్క ఉన్నట్టుండి తల వాల్చి పడిపోతోంది, ఇది పక్షవాతమేనా?

తోకచుక్క (ప్రశ్న):
మగ కుక్క, 13 ఏళ్లు, 26 కిలోలు. నిన్న రాత్రి మామూలుగానే తిని పడుకుంది. పొద్దున ఆరింటికి లేవబోయి ఎడమవైపు కూలబడింది. తల ఎడమకు వాలిపోయి ఉంది, పట్టుకుని నడిపించినా ఎడమకే తిరిగి గోడకు ఆనుకుంటోంది. రెండుసార్లు పసుపు నురగ కక్కింది, చొంగ కారుతోంది. పేరు పెట్టి పిలిస్తే చెవులు రిక్కించి తోక ఆడిస్తోంది గానీ లేవలేకపోతోంది. తిండి పెడితే వాసన చూసి మొహం తిప్పేసింది.

వాడే మందులు: కీళ్లనొప్పికి రోజూ మెలాక్సికామ్. విరేచనాలకని 12 రోజులుగా మెట్రోనిడజోల్ 400 మి.గ్రా. బిళ్ల, పూటకొకటి చొప్పున రోజుకు రెండు. రెండు నెలల కిందటి రక్తపరీక్షలో కిడ్నీ, లివర్ బాగానే ఉన్నాయి.

డాక్టరు మధ్యాహ్నం గానీ దొరకరు. అప్పటిదాకా ఏం చూడాలి, ఏం చేయకూడదు? ఈ వయసులో ఇంక బాధపెట్టకుండా పంపించేయమని ఇంట్లో ఒకరిద్దరు అంటున్నారు.

రాత్రిపాళీ:
పంపించేసే మాట ఇప్పుడు పక్కన పెట్టండి. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మధ్యాహ్నం దాకా ఆగొచ్చా, ఇప్పుడే ఏదో ఒక ఎమర్జెన్సీకి బయల్దేరాలా. పది నిమిషాల పని.

పైపెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబి రంగులో, తడిగా ఉండాలి. నల్లమచ్చల చిగుళ్లయితే కింది కనురెప్ప లోపలి భాగం చూడండి. చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి 2 సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. చిగుళ్లు పాలిపోయి, పొట్ట నిండుగా ఉండి, కుక్క నీరసంగా వాలిపోతుంటే ప్లీహం మీది గడ్డ పగిలి లోపల రక్తం కారుతుండొచ్చు. ముసలి పెద్దకుక్కల్లో ఇది అరుదేమీ కాదు, నిన్నటిదాకా ఏ సూచనా ఉండకపోవచ్చు. చిగుళ్లు పసుపు తిరిగినా, మూత్రం కాఫీరంగులో వచ్చినా ఎర్రకణాలు చితికిపోతున్నాయని అనుమానించాలి. ఇవి రెండూ మధ్యాహ్నం దాకా ఆగే సంగతులు కావు.

పొట్ట డోలులా బిగుసుకుని, కక్కబోతే ఏమీ రాకుండా ఉత్త డోకులే వస్తుంటే పొట్ట ఉబ్బి మెలితిరిగినట్టు. అప్పుడు ఈ పోస్టు చదవడం కూడా ఆపి బయల్దేరండి.

తర్వాత ఊపిరి లెక్క. పడుకుని ఉన్నప్పుడు ఛాతీ లేచి పడితే ఒకటి. నిమిషానికి 30 లోపు ఉండాలి, నాలుక చాపి రొప్పుతున్నప్పుడు లెక్కపెట్టకండి. ఆసనంలో థర్మామీటరు పెడితే 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య చూపాలి. కొసకు వాజలిన్ రాసి రెండు సెంటీమీటర్లు లోపలికి పోనిచ్చి, లోపలి పేగు గోడకు ఆనించి పట్టుకోండి. మలం ముద్దలో గుచ్చుకుంటే తప్పు అంకె వస్తుంది.

ఇక కళ్లు. ఎదురుగా కూర్చుని కనుగుడ్లు కొట్టుకుంటున్నాయేమో, ఎటువైపు విసురుగా పోతున్నాయో చూసి, ఫోన్‌లో 30 సెకన్ల వీడియో తీసి ఉంచండి. డాక్టరు దగ్గరికి చేరేసరికి కొట్టుకోవడం తగ్గిపోవచ్చు.

తోకచుక్క:
చూశాను. చిగుళ్లు గులాబి, ఒకటిన్నర సెకను. ఊపిరి 26. జ్వరం 38.6. పొట్ట మెత్తగానే ఉంది. కళ్లు పక్కలకు కొట్టుకుంటున్నాయి: కుడివైపు విసురుగా, ఎడమకు నెమ్మదిగా. పైకీ కిందికీ కాదు.

చెవిమడత:
మీరు రాసిన అంకెలను బట్టి మధ్యాహ్నం దాకా ఆగొచ్చు. కళ్ల సంగతి అంత వివరంగా చెప్పడం చాలా పనికొచ్చింది.

ముందు ‘పక్షవాతం’ అన్న మాట. పక్షవాతంలో కాళ్లలో బలం పోతుంది. మీ కుక్కకు బలం ఉంది, పోయింది సమతూకం. ఎడమ లోపలి చెవిలోని తూకం యంత్రం, లేదా దాన్నుంచి మెదడుకు వెళ్లే నరం, పనిచేయడం మానేస్తే తల అటే వాలుతుంది, కుక్క అటే పడుతుంది, కళ్లు మాత్రం ఎదురువైపుకు విసురుగా కొట్టుకుంటాయి. మీరు చెప్పినవన్నీ ఒకే వైపును చూపిస్తున్నాయి. వాంతి, చొంగ, తిండి వద్దనడం తల తిరగడం వల్లే. పడవెక్కిన మనిషి అవస్థ ఎలాగో ఇదీ అంతే.

ముసలి కుక్కల్లో ఇలా హఠాత్తుగా వచ్చి, ఎంత వెతికినా కారణం దొరకని రకం ఒకటుంది, ఇడియోపతిక్ వెస్టిబ్యులర్ జబ్బు అంటారు. మొదటి రెండు రోజులు చూడలేనంత ఘోరంగా ఉంటుంది, 72 గంటలకల్లా కళ్లు కుదుటపడటం మొదలవుతుంది, రెండు మూడు వారాల్లో నడక సర్దుకుంటుంది. అందుకే మొదటిరోజు చూసి ప్రాణం తీసే నిర్ణయానికి రాకూడదు. అయితే కారణాలు ఉండే రకాలను తోసిపుచ్చాకే దీనికా పేరు పెట్టాలి.

ఇంట్లో ఇంకో పరీక్ష చేయండి. ఒకరు పొట్టకింద చేయి వేసి బరువు మోయాలి. మీరు ఒక పంజాను మడిచి, పైభాగం నేలకు ఆనేలా పెట్టండి. మామూలు కుక్క వెంటనే తిప్పేసుకుంటుంది. నాలుగు కాళ్లూ చూడండి. బరువు మోయకుండా చేస్తే తూలుడుకే తప్పుగా అనిపిస్తుంది, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఒకవైపు పంజాలు అలా మడిచినట్టే ఉండిపోతే, కళ్లు పైకీ కిందికీ కొట్టుకుంటే, తల కదిపినప్పుడల్లా దిక్కు మారితే, లేదా పిలిచినా మత్తుగా ఉంటే తేడా చెవిలో కాదు, మెదడులో ఉన్నట్టు. స్ట్రోకు, గడ్డ, వాపు అప్పుడు లెక్కలోకి వస్తాయి.

మొహం కూడా చూడండి. ఎడమ పెదవి వేలాడటం, ఎడమ కన్ను ఆర్పలేకపోవడం, ఆ కంటిపాప చిన్నదై మూలనుంచి పొర పైకి రావడం ఉంటే మధ్యచెవి ఇన్‌ఫెక్షన్ వైపు మొగ్గుతుంది. మొహం నరం, కంటిపాప నరం అక్కడినుంచే పోతాయి.

మెట్రోనిడజోల్ లెక్క చూద్దాం. రోజుకు 800 మి.గ్రా., 26 కిలోలకు భాగిస్తే కిలోకు సుమారు 31. నరాల మీద విషం సాధారణంగా 60 దాటితేనే కనిపిస్తుంది, కానీ అంతకంటే తక్కువలోనూ వచ్చిన కుక్కలు ఉన్నాయి, ముఖ్యంగా లివర్ మందగించినవి. అది వచ్చే తీరు వేరు: రెండువైపులా తూలుడు, పైకీ కిందికీ కొట్టుకునే కళ్లు. మీ కుక్కలో ఒకేవైపు కాబట్టి నాకు అనుమానం తక్కువే. అయినా ఫోన్‌లో డాక్టరుకు ఈ మందు పేరు, మోతాదు, రోజుల సంఖ్య చెప్పి, తర్వాతి బిళ్ల ఆపాలా అని అడగండి. దాని విషమే అయితే ఆపిన ఒకటి రెండు వారాల్లో కోలుకుంటుంది, డయాజిపామ్‌తో ఇంకా త్వరగా.

మెలాక్సికామ్ కూడా ఈపూట వద్దు. వాంతులతో ఒళ్లు ఎండిన కుక్కకు అది కిడ్నీని, పొట్టగోడను దెబ్బకొడుతుంది.

గోరుచిక్కు:
స్టెరాయిడ్ ఇంజక్షన్ ఒకటి వేస్తే లేచి తిరుగుతుంది. చెవిలో చుక్కలు కూడా వేస్తే మంచిది.

చెవిమడత:
రెండూ వద్దండీ. కారణం తెలియని రకానికి స్టెరాయిడ్ వల్ల ఒరిగేది లేదు, అది తనంతట తగ్గేదే. పైగా ఒంట్లో ఇంకా మెలాక్సికామ్ ఉంది, రెండూ కలిస్తే పొట్టలో పుండు పడుతుంది. ఇన్‌ఫెక్షన్ ఉంటే అది ముదురుతుంది, లింఫోమా (ఒక రకం తెల్లకణాల క్యాన్సర్) లాంటిది ఉంటే పరీక్షలో దొరక్కుండా దాక్కుంటుంది.

చుక్కలైతే, కర్ణభేరి చెక్కుచెదరలేదని డాక్టరు లోపల చూసి చెప్పేదాకా ఒక్కటీ వేయకూడదు. చిరిగిన కర్ణభేరి గుండా జెంటామైసిన్, నియోమైసిన్, క్లోర్‌హెక్సిడిన్ లోపలి చెవికి చేరితే ఇప్పుడున్న జబ్బునే ఇంకా పెంచుతాయి. దూది పుల్లలతో గోకడం కూడా వద్దు. మనుషుల పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ అసలే ఇవ్వకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

పరుపుదుప్పటి:
జబ్బు పేరు తేలేలోపు కుక్కను చూసుకోవడం గురించి రాస్తాను. వీటికి ఎక్కువ చేటు చేసేది తల తిరగడం కాదు, ఆ మూడు రోజుల్లో నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవడం, ఒంటికి పుండ్లు పడటం, జారిపడటం.

చోటు: మెట్లకు, మంచానికి, పదునైన మూలలకు దూరంగా ఒక మూల. నేలమీద జారని రబ్బరు చాప, దానిపైన పరుపు, దానిపైన మార్చుకునే గుడ్డలు. రాత్రి చిన్న దీపం వెలుగుతూ ఉండాలి, చెవి చెప్పని దిక్కును కళ్లే చెప్పాలి కాబట్టి. పూర్తి చీకట్లో కంగారుపడి దొర్లుతుంది.

పడుకోబెట్టడం: ఎప్పుడూ ఎడమవైపే పడుకోవాలని చూస్తుంది, కుడివైపు తిప్పితే దొర్లి మళ్లీ అటే వస్తుంది. బలవంతం చేయకుండా, ఛాతీ నేలకు ఆనేలా బోర్లా కూర్చోబెట్టి, రెండు పక్కలా చుట్టిన దుప్పట్లు ఆనించండి. నాలుగు గంటలకోసారి కాళ్ల భంగిమ మార్చండి, మోచేతులు, భుజాలు, తుంటి ఎముకల దగ్గర ఎరుపు చూడండి.

నీళ్లు: కిలోకు రోజుకు సుమారు 50 మి.లీ., అంటే మీ కుక్కకు 1,300 మి.లీ. తిండిలోని తడి కూడా ఇందులోకే వస్తుంది. గిన్నెలో మూతి పెట్టడానికి గురి కుదరదు, అందుకని గిన్నెను మీరే మూతి కిందకు పట్టుకోండి. సిరంజితో పట్టాల్సి వస్తే తల పైకెత్తకుండా, చెంప సంచిలోకి 5 మి.లీ. పోసి, మింగాక ఇంకో 5. పక్కకు పడుకున్న కుక్కకు, కక్కుతున్న కుక్కకు సిరంజి వద్దే వద్దు. ఒకటి రెండు రోజుల తర్వాత దగ్గు, జ్వరం వచ్చి, పడుకున్నా ఊపిరి 40 దాటితే నీళ్లు దారి తప్పినట్టే. ఈ కారణంగానే ముందుగా వాంతి ఆగే మందు అడగండి. మారోపిటాంట్ ఇంజక్షన్ కిలోకు 1 మి.గ్రా. లెక్కన రోజుకోసారి ఇస్తారు. వాంతి ఆగిన రెండు మూడు గంటలకు మెత్తటి తిండి చిన్న ఉండలుగా చేతితో, రోజుకు నాలుగైదు సార్లు. 12 గంటలుగా నీళ్లు కూడా కడుపులో నిలవకపోతే సెలైన్ ఎక్కించాల్సిందే.

నడక: మెడపట్టీ తీసేయండి, ఛాతీ పట్టీ వాడండి. తువ్వాలును పొట్టకింద వెనక కాళ్లకు ముందుగా దూర్చి రెండు కొసలూ పైకి పట్టుకోండి. మగకుక్క కదా, మూత్రాంగం మీద తువ్వాలు పడకూడదు. ఎత్తాల్సి వస్తే ఒంటిని మీకు ఆనించి నెమ్మదిగా ఎత్తండి, గాల్లోకి విసురుగా లేపితే నాలుగు కాళ్లూ బిగబట్టి భయపడుతుంది. ఆరు గంటలకోసారి మూత్రానికి తీసుకెళ్లండి, 12 గంటలు దాటినా పోయకపోతే డాక్టరుకు చెప్పండి. తడిసిన చోట తుడిచి ఆరబెట్టి పలుచగా వాజలిన్ చాలు. జింకు ఉన్న క్రీములు నాకితే విషం.

తోకచుక్క:
పంజాలు నాలుగూ వెంటనే తిప్పుకుంది, మొహంలో తేడా లేదు. రెండు బిళ్లలూ ఆపమని డాక్టరు ఫోన్‌లో చెప్పారు. అన్ని పరీక్షలూ ఒకేసారి చేయించలేను, ఏవి ముందు?

రాత్రిపాళీ:
చెవి లోపల చూడటం, బీపీ, గ్లూకోజ్, రక్తకణాల లెక్క, కిడ్నీ-లివర్-ఎలక్ట్రోలైట్లు, మూత్రం చిక్కదనం. ఇవి ఇవాళే. బీపీ చాలామంది వదిలేస్తారు, ముసలి కుక్కలో పై అంకె 180 దాటిందంటే కంటికీ మెదడుకూ దెబ్బే, వెనక కిడ్నీ జబ్బో కుషింగ్స్ జబ్బో (ఒంట్లో కార్టిసాల్ హార్మోను ఎక్కువవడం) ఉండొచ్చు. క్లినిక్ భయానికి కూడా పెరుగుతుంది కాబట్టి పది నిమిషాలు కూర్చోబెట్టి, ఐదారు సార్లు చూసి, మొదటి అంకె వదిలేసి సగటు తీయమనండి.

థైరాయిడ్ తక్కువైనా ఇలా వస్తుంది. కానీ ఏ జబ్బు చేసినా టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోను) తగ్గుతుంది, ఆ ఒక్క అంకె చూసి జీవితాంతం బిళ్లలు మొదలుపెట్టకండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను) కూడా కలిపి చూడాలి, వీలైతే కోలుకున్నాక. పొట్ట అల్ట్రాసౌండ్, ఛాతీ ఎక్స్-రే రెండో విడతకు. ఎమ్మారైకి మత్తు ఇవ్వాలి, ఇవాళ్టి లక్షణాలకు అది అవసరం లేదు.

తోకచుక్క:
మూడు రోజులకూ తగ్గకపోతే?

చెవిమడత:
పూర్తిగా తగ్గాలని కాదు. 72 గంటలకు కళ్లు కొట్టుకోవడం నెమ్మదించాలి, తినడం మొదలవ్వాలి, పట్టుకుంటే నాలుగడుగులు వేయాలి. రోజూ ఒకే సమయానికి, ఒకే చోట 30 సెకన్ల వీడియో తీసి పోల్చండి, కంటి అంచనా మోసం చేస్తుంది. ఏ మార్పూ లేకపోయినా, తగ్గుతూ తగ్గుతూ మళ్లీ ముదిరినా, మూర్ఛ వచ్చినా, పంజా పరీక్ష మారినా ఎమ్మారై మాట అప్పుడు ఎత్తాలి. నడక బాగుపడ్డాక తల కాస్త వాలుగా మిగిలిపోతే దానికి మందు వాడక్కర్లేదు, అలాగే తిని తిరుగుతుంది. మెట్లకు మాత్రం అడ్డు తీయకండి.