అప్‌డేట్: టీచింగ్ ఫిలాసఫీ పేజీ రాసి పంపేశాను

లెక్చరర్ పోస్టు దరఖాస్తుకి 'మీ బోధనా దృక్పథం' అని ఒక పేజీ జత చేయమన్నారు, ఏం రాయాలని ఆమధ్య అడిగింది నేనే. తిరుపతిలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది.

"పెద్ద మాటలు పక్కన పెట్టి, మీ క్లాసులో జరిగిందే రాయండి" అని ఒక మేడమ్ చెప్పిన మాట బాగా పనికొచ్చింది. వృత్తాకార చలనం పాఠంతో మొదలుపెట్టాను. సూత్రం బోర్డు మీద రాయకముందే "తిరుమల ఘాట్‌లో బస్సు ఎడమకి తిరిగితే మీరు ఎటు ఒరుగుతారు?" అని అడుగుతాను. అందరూ కుడికే అంటారు. "మరి మనల్ని తోసిందెవరు సార్?" అని వెనక బెంచీ అమ్మాయి అడిగింది. ఎవరూ తోయలేదు, ఒళ్లు నేరుగా వెళ్లబోతుంటే సీటే మనల్ని మలుపు లోపలికి తిప్పుతోందని వాళ్లంతట వాళ్లు తేల్చుకునేసరికి పీరియడ్ అయిపోయింది. సిలబస్ కాస్త వెనకబడినా ఆ పీరియడ్ వృథా కాదని నా నమ్మకం. అదే రాశాను.

తర్వాతది మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ స్కూలు వాళ్ల పద్ధతి గురించి. వాళ్ల పల్లె బడుల్లో వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుని, కార్డుల సాయంతో ఎవరి వేగంలో వాళ్లు మెట్టు మెట్టుగా నేర్చుకుంటారు. ఇంటర్‌లో అది యథాతథంగా కుదరదు. అందుకే ప్రాబ్లమ్ షీట్లు మాత్రం కష్టాన్ని బట్టి వేరువేరుగా ఇస్తున్నాను. దేనితో మొదలుపెట్టాలో పిల్లల ఇష్టం.

ర్యాంకుల పట్టిక గోడకి అంటించడం నాకు నచ్చదని కూడా రాశాను. ఇంట్లోవాళ్లు ఆ వాక్యం తీసేయమన్నారు గానీ ఉంచేశాను. ఇంటర్వ్యూలో దాని మీదే అడుగుతారేమో, అడగనీ.