ప్రాచీన గ్రీసులో స్పార్టా ఆడవాళ్ల బతుకు ఏథెన్స్ ఆడవాళ్ల కంటే నయమా?

రాతిపలక: నయమే అంటాను. ఏథెన్స్‌లో ఆడమనిషికి జీవితాంతం ఒక సంరక్షకుడు ఉండాల్సిందే, ముందు తండ్రి, తర్వాత మొగుడు, ఒక్కోసారి కొడుకు. ఒక మెదిమ్నస్ బార్లీ, అంటే సుమారు 50 లీటర్ల గింజల విలువ దాటితే తనంతట తాను బేరం చెయ్యకూడదు. అదే స్పార్టాలో భూమిలో దాదాపు అయిదింట రెండు వంతులు ఆడవాళ్లదేనని అరిస్టాటిల్ రాశాడు. స్పార్టా రాజు కూతురు కినిస్కా రథం క్రీ.పూ. 396లో ఒలింపిక్స్‌లో గెలిచింది కూడా.

గోదారిగట్టు: మేడమ్, ఆయన అది మెచ్చుకుంటూ రాయలేదు. స్పార్టా పాడైపోవడానికి ఇదొక కారణమని తప్పుపడుతూ రాశాడు. తిట్టేవాడు చెప్పిన లెక్కని పట్టుకుని వాదిస్తే ఎలా?

రాతిపలక: తిట్టినంత మాత్రాన లెక్క తప్పయిపోతుందా? ఆడవాళ్ల చేతిలో భూమి లేకపోతే ఆయనకి అంత కోపం ఎందుకొస్తుంది?

చెరువుగట్టు: ఆ పొలాలు దున్నింది హెలాట్లు, అంటే స్పార్టా వాళ్ల కింద బానిసల్లా బతికినవాళ్లు. వాళ్ల ఆడవాళ్ల గురించి ఒక్కరూ మాట్లాడరేం?

గోదారిగట్టు: నేనూ అదే అంటున్నా. ఇక ఏథెన్స్ గురించి కూడా సగమే చెబుతున్నారు. అక్కడ అథీనా దేవతకి ప్రధాన పూజారిణి ఆడమనిషే. విడాకులైతే కట్నం తిరిగి ఇచ్చెయ్యాలి, ఇవ్వకపోతే ఏడాదికి నూటికి 18 వడ్డీ. పుట్టింటి నుంచి ఆమె వాటా కట్నంగా ముందే వచ్చేసింది, ఇంకేం కావాలి?

రాతిపలక: ఇదిగో, ఈ మాటే! మా నాన్న పోయాక మా అన్నయ్య నోట కూడా ఇదే మాట. "నీ పెళ్లికి ఇచ్చాం కదా, అదే నీ వాటా" అన్నాడు. ఆ డబ్బు నా చేతికి రానేలేదు, అత్తింటివాళ్లు తీసుకుని వాళ్ల అప్పులు తీర్చుకున్నారు. ఏథెన్స్‌లోనూ కట్నం మొగుడి చేతిలోనే ఉండేది, విడిపోతే వెళ్లేది ఆమె చేతికి కాదు, పుట్టింటి మగవాళ్లకి. కొడుకుల్లేని తండ్రి చనిపోతే కూతుర్ని తండ్రి తరఫు దగ్గరి బంధువు, బాబాయే అయినా సరే, పెళ్లి చేసుకోవచ్చు. ఆస్తి ఆమెది కాదు, రేపు ఆమెకి పుట్టబోయే కొడుకుది.

గోదారిగట్టు: మీ ఇంటి గొడవ గ్రీసు మీద రుద్దకండి. మా చెల్లెలి పెళ్లికి నేను ఎకరం అమ్మాను, కూతుళ్లకీ సమాన వాటా అన్న 2005 చట్టం వచ్చాక మిగిలిన దాంట్లోనూ సగం అడిగింది. నేను అమ్మిన ఎకరం లెక్కలోకి రాదా?

నల్లమల: గొంతు తగ్గించండి ఇద్దరూ. క్రీట్ దీవిలో గోర్టిన్ నగర చట్టం క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే రాతి మీద చెక్కారు. కొడుకుకి రెండు వంతులైతే కూతురికి ఒకటి, కానీ అది ఆమె సొంతం, మొగుడు అమ్మడానికి వీల్లేదు.

రాతిపలక: అదే నేను మొదట్నుంచీ అడుగుతున్నది. గోదారిగట్టు గారూ, పెళ్లి ఖర్చుకి ఎకరం అమ్మాలని నిర్ణయించింది మీరు, ఆ డబ్బు తీసుకున్నది మీ బావగారు. మీ చెల్లెల్ని ఎవరైనా అడిగారా?

గోదారిగట్టు: అడగకుండానే పెళ్లి చేస్తామా? పెళ్లి కావాలంది, చేశాం.

రాతిపలక: పెళ్లి సంగతి కాదండీ, ఎకరం సంగతి.