గంగవాయిలి, సన్నవాయిలి: మీరెట్ల గుర్తుపడుతున్నరు?

చేనుగట్టు (నర్సంపేట):
వానలు పడ్డంక మా మిరప చేను గట్లమీద ఈ రెండు ఆకుకూరలూ కలిసే మొలిచినయి. పెద్దగున్నది గంగవాయిలి, చిన్నగున్నది సన్నవాయిలి అని ఇంట్ల తెంపుకొస్తున్నరు. నీళ్లందని కాడ గంగవాయిలి కూడ చిన్నగనే ఉంటది గద. మీరేం చూస్తరు?

మిద్దెతోట (హన్మకొండ):
సైజు నమ్మకుండ్రి, కణుపు చూడుండ్రి. సన్నవాయిలి ప్రతి కణుపు కాడ తెల్లటి వెంట్రుకలు దూదిపోగు అంటుకున్నట్టు కనబడతయి. ఆకులు ఎదురెదురుగ జంటగ వస్తయి. కాడ నేలకు తాకిన కాడల్లా వేరు దిగుతది. గంగవాయిలి కాడ నున్నగ, ఎర్రగ, లావుగ ఉంటది. ఆకులు వెడల్పు, కొమ్మ చివర గుత్తిగ చేరుతయి. వెంట్రుకలు ఉన్నా కంటికి ఆనవు.

పరకాల పంతులు:
పువ్వుంటే ఇంకా నయం. రెండూ పసుపే, కని గంగవాయిలికి మామూలుగ 5 రెక్కలు, సన్నవాయిలికి 4. పొద్దున ఎండ పడ్డప్పుడే చూడాలె, తర్వాత ముడుచుకుంటయి. పుస్తకాల్ల వెతికేటోళ్లకు: మొదటిది పోర్టులకా ఒలరేసియా, రెండోది పోర్టులకా క్వాడ్రిఫిడా.

జగిత్యాల అత్తమ్మ:
పప్పుల రెండూ బాగుంటయి బిడ్డా. సన్నవాయిలికి మట్టి బాగ పట్టుకుంటది, నాలుగు నీళ్లల్ల కడగాలె. గంగవాయిలి పొద్దుగాల తెంపితే పులుపెక్కువ, చింతపండు తగ్గించి వెయ్యి.

పరకాల పంతులు:
అత్తమ్మ చెప్పింది నిజం. నీళ్లెద్దడిల గంగవాయిలి రాత్రిపూట మాలిక్ ఆమ్లం కూడబెట్టుకుంటది, పగలు వాడుకుంటది. సాయంత్రానికి పులుపు తగ్గేది అందుకే. ఆగ్జలేట్ కూడ ఎక్కువ, కిడ్నీల రాళ్లున్నోళ్లు తినకపోవుడే మంచిది. తినేటోళ్లు ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతది.

మిద్దెతోట (హన్మకొండ):
ఇంకొకటి ముఖ్యం. నేలమీద పాకే నానబాలు జాతి మొక్కలు సన్నవాయిలి పక్కనే ఉంటయి. కాడ తుంచితే పాలు కారినయంటే ఆ మొక్క కూరకు పనికిరాదు. వాయిలి కూరల్ల పాలుండయి, నీళ్లే వస్తయి. గడ్డిమందు కొట్టిన పత్తి చేను గట్ల మీద మాత్రం ఏదీ తెంపొద్దు.

చేనుగట్టు (నర్సంపేట):
ఇప్పుడే పోయి చూసిన. మా గట్టుమీద చిన్నగున్న వాటిల్ల చానవరకు గంగవాయిలే! కణుపులు నున్నగున్నయి. మిరప సాళ్లల్ల ఉన్నది పీకి గట్టుమీద పడేస్తే సరిపోతదా?

జగిత్యాల అత్తమ్మ:
పడేస్తే మళ్ల వేరూనుతది. పీకినంక కూడ గింజ రాలుస్తది. కూరకు తీసుకో, మిగిలింది బర్రెకు వెయ్యకుండ చేను అవతల ఎండబెట్టు.