రామప్ప రంగమండపంలో ప్రేక్షకులు నర్తకుల వెంట తిరగవచ్చా?

చర్చను ప్రారంభించిన సభ్యుడు:
ప్రేక్షకులు కుర్చీలకు పరిమితం కాకుండా నర్తకుల మధ్య తిరుగుతూ, వారు అడిగినదానికి బదులిస్తూ, కథలో భాగమయ్యే నృత్య నాటకాలు ఈమధ్య ఆదరణ పొందుతున్నాయి. అటువంటి ప్రదర్శనను రామప్ప గుడి రంగమండపంలోనే ఏర్పాటు చేయడం సమంజసమేనా? అభిప్రాయాలను కారణాలతో సహా తెలుపగలరు.

నాట్య ఉపాధ్యాయిని:
నిస్సందేహంగా సమంజసమే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిలో రంగమండపం ఉన్నదే నాట్యం కోసం. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల కాలపు పేరిణి నృత్యాన్ని పునరుద్ధరించినప్పుడు జాయప సేనాని రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళితో పాటు ఆ గోడల మీది భంగిమలనూ ఆధారం చేసుకున్నారు. అక్కడి నుంచి తెచ్చుకున్న నాట్యాన్ని అక్కడ ఆడకూడదనడం ఏమి న్యాయం? పైగా చూసేవారిని ఆటలోకి లాగడం మనకు కొత్త కాదు. కూచిపూడి వారి భామాకలాపంలో సత్యభామకు మాధవిగా, కృష్ణుడికి మాధవుడిగా మారే సూత్రధారుడు జనం తరఫున కూడా ప్రశ్నలు వేస్తాడు. కాశీకి ఆవలి ఒడ్డున రామ్‌నగర్ రామలీలలో జనం నటుల వెంట ఒక ఘట్టం నుంచి మరో ఘట్టానికి నడుస్తూనే ఉంటారు.

కట్టడాల పరిరక్షణలో పనిచేసిన సభ్యుడు:
ఉపాధ్యాయిని గారు చెప్పిన పరంపరతో నాకు పేచీ లేదు. నా భయమంతా చేతులతోనూ పాదాలతోనూ. రామ్‌నగర్‌లో జనం నడిచేది ఊరి దారుల్లో. ఇక్కడ నడవవలసింది అద్దంలా నునుపు చేసిన నల్లరాతి స్తంభాల నడుమ. గర్భాలయ ద్వారం పక్కన వేణుగోపాలుడి చెక్కడం ఒకటుంది. మీటితే సరిగమలు పలుకుతుందని విన్న ప్రతివారికీ వేలు ఊరుకోదు. పగటిపూట వచ్చే సందర్శకుణ్ణి కాపలాదారు వారించగలడు. కానీ నచ్చిన చోటికి వెళ్లు, నచ్చినదాన్ని తాకు అని ప్రోత్సహించడమే ప్రాణంగా గల ప్రదర్శనలో, అదీ మసక వెలుతురులో, ఎవరిని ఎవరు వారిస్తారు? పురాతన కట్టడాలకు సంబంధించిన 1959 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం రక్షిత కట్టడంలో వినోద కార్యక్రమాలకు కేంద్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి తప్పనిసరి. ఆచారంగా జరిగే మతపరమైన కార్యక్రమాలకు మాత్రమే మినహాయింపు. టిక్కెట్టు పెట్టిన నృత్య నాటకాన్ని ఆచారమనలేము. కోణార్క్ నృత్యోత్సవంలో వలె వేదికను గుడికి దూరంగా వేసుకోవడమే మేలు.

నాట్య ఉపాధ్యాయిని:
వేణుగోపాలుడి సంగతి ఒప్పుకుంటాను, కానీ కోణార్క్ పద్ధతి వద్దు. అక్కడ గుడి వెనకతెరగా మారుతుంది. జనం మళ్లీ కుర్చీల పాలవుతారు. రామప్పలో చూరు కింది మదనికలను, అంటే ఆ స్త్రీ శిల్పాలను, చూడాలంటే ఎలాగూ గుడి చుట్టూ తిరగాలి. మండపం మూసి ఉంచి, ప్రేక్షకులను ప్రదక్షిణ మార్గంలో నడిపిస్తూ, ఒక్కొక్క మదనిక దగ్గర ఆ భంగిమ నుంచే నర్తకి కథ ఎత్తుకుంటే మీకు అభ్యంతరమా?

కట్టడాల పరిరక్షణలో పనిచేసిన సభ్యుడు:
నడిచేవారి సంఖ్యకు పరిమితి ఉండి, దీపాలు రాతికి తగిలించకుండా ఉంటే నాకు అభ్యంతరం లేదు. పేరిణి పాదఘాతాలు మాత్రం గుడి నిలిచిన ఎత్తైన పీఠం మీద వద్దు. ఇసుక నింపిన పునాది మీద నిలిచిన గుడి అది. నర్తకులు కింద ప్రాంగణంలో నేల మీద ఆడాలి. జనం కూడా వారితో పాటు కిందనే తిరగాలి.